పేటలో మొదటి తుపాకి

(కారంచేడు మృతవీరుల సంస్మరణకు ముందు ఒక మిర్చి పల్లె పేటలో జరిగిన రాత్రి సభలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని పిలిచినవాళ్లు ఒక్క మాటే అడిగారు. "మీ పేటలో తుపాకి కొన్నారంట గదా, నిజమేనా? ఎట్టా తెచ్చారో, తెచ్చినాక ఏమయిందో వచ్చి చెప్పండి" అన్నారు. నిజమే. మా పేటలో తుపాకి ఉంది. ఒకటే ఉంది. దొంగ తుపాకి కాదు. అడవినించి వచ్చింది కాదు. కలెక్టరాఫీసు లైసెన్సుతో, నంబరుతో, రసీదుతో వచ్చిన రెండు గొట్టాల తుపాకి. దాని గురించి గొప్పలు చెప్పుకోడానికి మేం రాలేదు. ఆ కథలో గర్వపడే సంగతి ఉంది, భయపడే సంగతి ఉంది, తల దించుకునే రాత్రి ఒకటి ఉంది. మూడూ చెప్తాం.

తుపాకి మాట ఎందుకొచ్చింది?

1985 జూలై 17. కారంచేడు. మంచినీళ్ల చెరువులో కుడితి బకెట్ కడగొద్దన్నందుకు మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. ఆడవాళ్లని చెరిచారు. 1987లో నీరుకొండ. 1991 ఆగస్టు 6న చుండూరు. ఎనిమిది మంది మాలలని తరిమి నరికి, గోతాల్లో కుక్కి కాలవల్లో పడేశారు. అప్పుడు కారంచేడు ప్రకాశం జిల్లా, చుండూరు గుంటూరు జిల్లా. 2022 నించి రెండూ బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. జిల్లా పేర్లు మారాయి గానీ ఆ నెత్తురు మరక మారలేదు.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. మనవాళ్లని చంపింది తుపాకులతో కాదు. బరిసెలతో, గొడ్డళ్లతో, కత్తులతో, కర్రలతో చంపారు. మరి తుపాకి గోల ఎందుకయ్యా అని మీలో కొందరు అడగొచ్చు. మా పేటలోనూ అడిగారు.

మా ఊళ్లో పెద్దిళ్లలో మూడు లైసెన్సు తుపాకులుండేవి. పంట కాపలాకని తీసుకున్నవి. అవి మా మీద ఎప్పుడూ పేలలేదు. కానీ కూలి రేటు పెంచమని అడగబోయిన రోజున అరుగు మీద గోడకి ఆనించి కనపడేవి. తిరనాళ్ల రోజున భుజాన వేలాడేవి. పెళ్లి ఊరేగింపు మా పేట ముందు నించి పోయేటప్పుడు ఆకాశంలోకి రెండు దెబ్బలు. పేలకుండానే పని చేసే వస్తువు అది. ఆ తుపాకి చెప్పేదేందంటే, ఈ ఇంటికి ప్రాణం ఉంది, ఆస్తి ఉంది, దాన్ని కాపాడుకోడానికి సర్కారు అనుమతి ఉంది అని. మరి మా ఇంటికి? మా ప్రాణానికి అనుమతి కాగితం ఎందుకు లేదు? మా పేటలో తుపాకి మాట అట్టా పుట్టింది.

ఆయుధం ఎవరి చేతిలో ఉండాలో ఈ దేశంలో ముందు కులం చెప్పింది, తర్వాత తెల్లదొర చెప్పాడు. కింది కులాల చేతిలో ఆయుధం లేకుండా చేయబట్టే వాళ్లు ఎదురు తిరగలేకపోయారని బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తేల్చాడు. ఆయన తండ్రి రాంజీ సైన్యంలో సుబేదారు. ఆ తర్వాత యుద్ధ జాతులనే లెక్కలు తీసి మహర్లని సైన్యంలో చేర్చుకోవడమే ఆపేశారు. మళ్లీ మహర్ రెజిమెంట్ రావడానికి 1941 దాకా పట్టింది. బ్రిటిషోడి 1878 ఆయుధాల చట్టం జనం చేతిలో ఆయుధం తీసేసింది. మినహాయింపులు మాత్రం రాజులకి, బిరుదులున్నవాళ్లకి దొరికినాయి. అరుగు మీది తుపాకికి అంత పాత చరిత్ర ఉంది.

చట్టం ఏం చెప్తోంది?

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, 1990 జనవరి 30 నించి అమల్లో ఉంది. దాని నియమాలు 1995లో వచ్చాయి. ఆ నియమాల్లో 3వ నియమం మనలో ఎంతమంది చదివారు? మేమూ చదవలేదు, ఆ పని పడిందాకా. దాడి జరిగినాక ఏం చెయ్యాలో కాదు, జరగకముందే ఏం చెయ్యాలో చెప్పే నియమం అది. దాడి జరిగే ప్రమాదం ఉన్న ఊళ్లను ముందే గుర్తించాలి. కలెక్టరు, ఎస్పీ వచ్చి చూడాలి. మూడో అంశం ఏందంటే, అవసరమైతే ఆ ప్రాంతంలో ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ల తుపాకి లైసెన్సులు రద్దు చేసి తుపాకులు సర్కారు ఆయుధాగారంలో పెట్టించాలి. వాళ్లవే కాదు, వాళ్ల దగ్గరి చుట్టాలవి, నౌకర్లవి, కుటుంబ స్నేహితులవి కూడా. ఇక ఐదో అంశం. ప్రాణ రక్షణకి, ఆస్తి రక్షణకి అవసరమైతే ఎస్సీ, ఎస్టీలకి ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి.

అన్నలారా, ఇది మన కరపత్రంలో మాట కాదు. భారత ప్రభుత్వం అచ్చేసిన మాట. చుండూరులో ఎనిమిది మంది పోయిన నాలుగేళ్లకి వచ్చిన మాట.

దీనికి తోడు 1959 ఆయుధాల చట్టం ఉంది. 20 అంగుళాలకి తగ్గని గొట్టం, లోపల గాడి లేని నున్నటి గొట్టం ఉన్న తుపాకిని ఆత్మరక్షణ కోసం పౌరుడు అడిగితే ఇవ్వాలని 13వ సెక్షన్. కాదనాలంటే 14వ సెక్షన్ చెప్పిన కారణం ఉండాలి, అది రాతలో ఉండాలి. అదే సెక్షన్లో ఇంకో ముక్క ఉంది. దరఖాస్తుదారుడికి తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి.

పేరు రాయి

మా పేటలో దరఖాస్తు పెట్టింది మిలిటరీలో హవల్దారుగా చేసి వచ్చినాయన. మా అందరికీ మామ. ముందు ఆయన వెళ్లిన ఆఫీసులో ఒక గుమాస్తా నవ్వాడు. "మీకు తుపాకెందుకయ్యా, మీ ఇంట్లో దోచుకోడానికి ఏముంది?" అన్నాడు. మామ ఏం మాట్లాడకుండా 14వ సెక్షన్ కాగితం బల్ల మీద పెట్టాడు. నవ్వు ఆగింది.

రెండో మెట్టు పోలీసు విచారణ. అక్కడ అడిగిన ప్రశ్నకి మాత్రం మా దగ్గర కాగితం లేదు. "ప్రాణభయం ఎవరినించి? పేరు రాయి" అన్నారు.

ఇది ఎంత కష్టమైన ప్రశ్నో మీకు చెప్పక్కర్లేదు. రాయాల్సిన పేరు ఎవరిదో ఆయన చేలోనే మన ఆడవాళ్లు కాయ కోస్తన్నారు. ఆయన దగ్గరే మనం కౌలుకి నేల తీసుకున్నాం. రాస్తే రేపట్నించి పని లేదు, నేల లేదు, చేబదులు లేదు. చుండూరులో నరకడానికి ముందు సాంఘిక బహిష్కారం పెట్టారని అందరికీ తెలుసు. రాయకపోతే భయం లేదని రిపోర్టు పోతుంది. భయం లేనివాడికి తుపాకెందుకు?

మూడు రాత్రులు మాట్లాడుకున్నాం. మొగాళ్లం తలా ఒక మాట అన్నాం. చివరికి తేల్చింది కాయ కోసే ఆడవాళ్లు. "ఒక్కడి పేరుతో దరఖాస్తు పోతే ఒక్కడికే దెబ్బ. పేటంతా వేలిముద్రలు వేద్దాం. ఊళ్లో ఏం జరిగిందో తేదీలతో రాద్దాం. కాయ చెట్టు మీద పండి ఎండుతుంటే ఎన్నాళ్లు పిలవకుండా ఉంటారో చూద్దాం" అన్నారు.

అట్టాగే రాశాం. తిట్టిన తేదీ, కొట్టిన తేదీ, పేట దారికి కంప అడ్డం వేసిన తేదీ. 3వ నియమం కింద మా ఊరిని గుర్తించాలన్నాం. మూడో అంశం కింద ఆ మూడు తుపాకుల సంగతి తేల్చమన్నాం. ఐదో అంశం కింద మామకి లైసెన్సు అడిగాం. నాలుగు రోజులు కోతకి పిలుపు రాలేదు. ఐదో రోజు ట్రాక్టరు తనంతట తనే వచ్చి పేట ముందు ఆగింది.

మొదటిసారి లైసెన్సు కాదన్నారు. కారణం రాసిమ్మన్నాం. రాసిచ్చారు. దాని మీద 30 రోజుల గడువులో అప్పీలు చేశాం. గెలిచాం. పెద్దిళ్ల తుపాకుల గురించి మాత్రం ఇప్పటిదాకా జవాబు లేదు. కానీ ఒక విచిత్రం జరిగింది. లైసెన్సు రాకముందే అధికారులు పేటకొచ్చి చూసిపోయారు. ఏళ్ల తరబడి వెలగని వీధిలైటు వెలిగింది. రాత్రి గస్తీ పోలీసులు పేట చివరిదాకా రావడం మొదలుపెట్టారు. ఇంకా తుపాకి కొననేలేదు. కాగితమే ఇంత పని చేసింది. ఈ సంగతి మళ్లీ చెప్తాం.

తుపాకి ఇంటికొచ్చింది

లైసెన్సు రావాలంటే ఊరికే రాదు. 21 ఏళ్లు నిండాలి. 2016 ఆయుధ నియమాల ప్రకారం తుపాకి వాడకంలో భద్రత నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ కావాలి. ఆరోగ్యం, మనసు సరిగా ఉన్నట్టు డాక్టరు రాయాలి. 2019 సవరణ తర్వాత లైసెన్సు ఐదేళ్లకి చెల్లుతుంది. ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో అందులోనే రాసి ఉంటుంది.

చందా వేస్తామన్నాం. మామ వద్దన్నాడు. "అందరి డబ్బుతో కొంటే అందరూ నాదే అంటారు. లైసెన్సు నా ఒక్కడిది. ఆపద వచ్చిందని నువ్వు తీసి పేల్చినా జైలుకి పోయేది ఇద్దరం" అన్నాడు. తన డబ్బుతోనే లైసెన్సున్న షాపులో పన్నెండు బోరు డబల్ బ్యారెల్ కొన్నాడు. పన్నెండు బోరంటే ఏందని పిల్లలడిగితే చెప్పాడు. ఒక పౌను సీసంతో సమానంగా పన్నెండు గుండ్లు పోస్తే అందులో ఒక గుండు పట్టేంత వెడల్పు గొట్టమని.

మిలిటరీలో రైఫిల్ పట్టిన మనిషి గదా, ఆయనకి నేర్పేదేముందనుకున్నాం. ఆయనే చెప్పాడు, ఇది వేరని. రైఫిల్ ఒక గుండు వదుల్తుంది. ఇది గుప్పెడు గుళ్లు చల్లుతుంది. పోయేకొద్దీ ఆ గుళ్లు పరుచుకుంటాయి. పట్టు సరిగా లేకపోతే తిరిగి భుజాన్ని గుద్దుతుంది. లైసెన్సున్న ఫైరింగ్ రేంజికి పోయి నేర్చుకుని వచ్చాడు. ఊరి చేలో పేల్చి నేర్చుకోవడం లేదు. మా కుర్రాళ్లు ఏప్రిల్ 14న బాబాసాహెబ్ జయంతికి ఒక్క దెబ్బ పేల్చమని బతిమాలారు. "పెద్దిళ్లవాళ్లు పెళ్లికి పేల్చినప్పుడు తప్పన్నాం గదా, మనం జయంతికి పేలిస్తే ఒప్పయిద్దా?" అన్నాడు. ప్రాణాలకి ముప్పు తెచ్చేట్టు సంబరాలకి తుపాకి పేలిస్తే రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ అని 2019 సవరణలో ఉంది.

ఆయన పెట్టిన పద్ధతి ఇది. తుపాకిలో ఎప్పుడూ తూటా ఉండకూడదు. ఖాళీ అని తెలిసినా సరే, పట్టుకున్న ప్రతిసారీ గొట్టం విరిచి రెండు కన్నాలూ చూడాలి. గొట్టం మూతి మనిషి వైపు, పశువు వైపు తిరగకూడదు. కాల్చాలని తేల్చుకున్నాక తప్ప ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. తుపాకి ఒక పెట్టెలో, తూటాలు ఇంకో పెట్టెలో, రెండిటికీ వేరు వేరు తాళాలు. సముద్రగాలి తగిలే నేల మనది, తుప్పు తొందరగా పడుతుంది. అందుకని వాడినా వాడకపోయినా కడ్డీకి గుడ్డ చుట్టి గొట్టం తుడిచి నూనె పట్టించాలి.

తల దించుకునే రాత్రి

ఒక రాత్రి రేకుల మీద రాళ్లు పడ్డట్టు చప్పుడయింది. దారిలో టార్చి లైటు కదిలింది. పేటంతా లేచింది. "మామా, తుపాకి తియ్" అని అరిచింది మేమే. ఇప్పుడు ఇక్కడ నిలబడి మాట్లాడే మేమే. మామ తుపాకి తీశాడు, తూటాలు పెట్టాడు, గుమ్మంలో నిలబడ్డాడు. గొట్టం కిందికి ఉంది. "ఎవరది? పేరు చెప్పు" అని మూడుసార్లు అరిచాడు. మూడోసారికి గొంతు వినపడింది. "నేనే మామా".

మా పేట కుర్రాడే. మిర్చి చేలకి రాత్రి కరెంటులో నీళ్లు పెట్టి వస్తన్నాడు. కుక్కలు వెంటపడితే రాళ్లు విసిరాడు, అవి రేకుల మీద పడ్డాయి.

ఆ రాత్రి మామ వేలు ట్రిగ్గర్ మీద ఉంటే? ఒక్కసారే అరిచి ఊరుకుంటే? మన పేటలో ఇల్లు ఇంటికి ఆనుకుని ఉంటుంది. తాటాకు గోడని గుళ్లు ఆపలేవు, రేకునీ చీలుస్తాయి. ఆ కుర్రాడికి తగలకపోతే వెనకింట్లో నిద్రపోయే పిల్లకి తగిలేది. శత్రువు కోసం తెచ్చింది మన బిడ్డని తినేది.

మర్నాడు ఆడవాళ్లు సభ పెట్టారు. మమ్మల్ని నిలబెట్టి అడిగారు. "పెద్దిళ్లవాళ్లు ఎప్పుడొస్తారో ఏమో గానీ తాగొచ్చి కొట్టే మొగుడు రోజూ వస్తన్నాడు. ఆ రాత్రి ఆ తుపాకి ఎవరి మీదికి తిరుగుద్ది?" అంది ఒక పెద్దమ్మ. ఇంకొకామె మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడు మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. ఆ తర్వాత కూడా ఆ చావులు ఆగలేదు. ఆమె మొగుడు కౌలుకి పత్తి వేసి అట్టా పోయినవాడే. "ఇంట్లో మందు డబ్బా చేతికందేట్టు ఉండబట్టే తాగాడు. లేకపోతే తెల్లారేదాకా బతికేవాడు. తెల్లారితే బతికేవాడు. ఇప్పుడు అప్పులున్న ఇంట్లో తుపాకి పెడతారా?" అంది.

మా దగ్గర జవాబు లేదు. ఆ రోజునించి తూటాల పెట్టె తాళం అత్త దగ్గర ఉంటంది. తాగేవాడు, అప్పుల్లో కూరుకున్నవాడు, ఇంట్లో చెయ్యి ఎత్తేవాడు దరఖాస్తు పెట్టకూడదని పేట తీర్మానం చేసింది. మొగాళ్లకి కోపం వచ్చింది. వచ్చినా నిలబడింది.

తుపాకి చెయ్యలేనిది

ఆత్మరక్షణ హక్కు చట్టంలో ఉంది. పాత ఐపీసీలో 96 నించి 106 దాకా, 2024 జూలై 1 నించి భారతీయ న్యాయ సంహితలో 34 నించి 44 దాకా. అవసరాన్ని మించి హాని చెయ్యకూడదని కూడా అక్కడే ఉంది. ప్రాణం తీసే దాడి మీదికొచ్చినప్పుడు, రాత్రి ఇల్లు పగలగొట్టి వచ్చినప్పుడు, ఇంటికి నిప్పు పెట్టినప్పుడు ఆ హక్కు పెద్దదవుతుంది. పారిపోయేవాడి వీపు మీద కాల్చే హక్కు కాదది.

వందలమంది మీద పడితే రెండు తూటాల తుపాకి ఏం చేస్తుంది? చుండూరులో పోలీసులు ఊళ్లోనే ఉన్నారు. అయినా ఎనిమిది మంది పోయారు. విచారణ ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టులో జరిగి 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడితే, 2014 ఏప్రిల్లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. దీన్ని ఏ తుపాకి ఆపుద్ది? పైగా ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకి స్టేషన్లో పెట్టమంటారు. మన మీద కక్షలు రేగేది ఆ రోజుల్లోనే.

ఈ చిక్కు మనదొక్కళ్లదే కాదు. అమెరికాలో 1956లో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. ఆయన తుపాకి పర్మిట్ అడిగితే ఇవ్వలేదు. అహింసావాదే, అయినా అడిగాడు. తర్వాత ఇంట్లో తుపాకి వద్దనుకున్నదీ ఆయనే. 1964లో లూసియానాలో జోన్స్‌బరో అనే ఊళ్లో నల్లవాళ్లు ఆత్మరక్షణ దళం కట్టి తమ పేటలకి రాత్రి కాపలా కాశారు. అక్కడి బ్లాక్ పాంథర్లని చూసే 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. అడగాలా, పట్టాలా, పక్కన పెట్టాలా అని వాళ్లూ మనలాగే తర్జనభర్జన పడ్డారు.

మేం నేర్చుకున్నది ఒకటే. తుపాకి కన్నా దరఖాస్తు పెద్దది. ఇనప గొట్టం ఒక గుమ్మాన్ని కాపాడుద్దేమో. తేదీలతో, వేలిముద్రలతో పేటంతా ఇచ్చిన కాగితం మాత్రం ఈ ఊళ్లో ప్రమాదం ఉందని ప్రభుత్వానికి ముందే తెలుసు అని సాక్ష్యం చెప్తది. రేపు దాడి జరిగితే మాకు తెలియదని ఏ అధికారీ అనలేడు. కావాలని విధిలో నిర్లక్ష్యం చేసిన అధికారికి శిక్ష వెయ్యడానికి అదే అత్యాచారాల చట్టంలో 4వ సెక్షన్ ఉంది. అందుకే లైసెన్సు వచ్చినా రాకపోయినా దరఖాస్తు పెట్టండి. రసీదు తీసుకోండి. కాదంటే కారణం రాయించుకోండి. ఐదో అంశం అడిగేటప్పుడు మూడో అంశం మర్చిపోవద్దు. మనకి ఒక తుపాకి ఇమ్మనడం కన్నా అరుగు మీది మూడు తుపాకులు తీయించడం ఎక్కువ పని. మేం దాంట్లో ఇంకా గెలవలేదు, వదల్లేదు కూడా.

ఇక కొనేవాళ్లు ఉంటే ముందు మీ ఇంట్లో ఆడవాళ్లని అడగండి. వాళ్లు వద్దంటే వద్దు.

మా మామ తుపాకి కొన్నాక రేంజిలో తప్ప ఇంకెక్కడా పేలలేదు. పేలకుండానే దాన్ని లైసెన్సుతో పాటు ఆయన మనవరాలు పెద్దయ్యేనాటికి సర్కారుకి తిరిగిచ్చేసే రోజు రావాలని ఆయన కోరిక. మా కోరికా అదే. కానీ ఆ రోజు ముందు అరుగు మీది తుపాకులకి రావాలి. అందాకా రాద్దాం, అడుగుదాం, కాపలా కాద్దాం.

కారంచేడు, నీరుకొండ, చుండూరు మృతవీరులకు జోహార్లు. జై భీం!